మూడు వారాల సినిమా

మా ఆయన డైరెక్టరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు నా మెడకీ చేతులకీ వెళ్తుంది, బంగారం ఎంత పెట్టుకున్నానో చూడ్డానికి. నెట్‌లో ఎవడో పనిలేనివాడు మాకు మూడు ఇళ్ళూ రెండు కార్లూ ఉన్నాయని రాసిపెట్టాడు. అది చదివి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసి, "అక్కా, అందులో ఒక ఇల్లు మాకు అద్దెకివ్వచ్చుగా" అంది. మేమే అద్దెకుంటున్నాం తల్లీ అంటే నమ్మదు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

ఇరవై ఒకటో ఏట ఆయన క్లాప్ బోర్డు పట్టుకున్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఒకరి దగ్గర కాకపోతే ఇంకొకరి దగ్గర అసిస్టెంటు. "వచ్చే సినిమా నీదేనయ్యా" అని ముగ్గురు నిర్మాతలు మాటిచ్చారు. వాళ్ళలో ఒకాయన సినిమాలే మానేసి టైల్స్ షాపు పెట్టుకున్నాడు. చివరికి ఇల్లు గడవక మా ఆయన టీవీ సీరియల్ ఒప్పుకున్నాడు. "ఆర్నెల్లేనే, తర్వాత సినిమానే" అన్నాడు. ఆ ఆర్నెల్లు ఏడేళ్ళయ్యాయి.

సీరియల్ అంటే ఏముంది? ఒక పెద్ద ఇల్లు, ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది చిన్నదాని పాలల్లో ఏదో కలుపుతుంది, చిన్నది పెద్దది దిగే మెట్ల మీద నూనె పోస్తుంది. నేనొకసారి సెట్‌కి వెళ్ళి ఆ మెట్లెక్కి చూశాను. పైన గదీ లేదు, గాడిద గుడ్డూ లేదు. ప్లైవుడ్ గోడ, దాని వెనక ఒక పాత టేబుల్ ఫ్యాను. కోపమొచ్చి పైకి వెళ్ళిపోయిన వాళ్ళంతా "కట్" అనేదాకా ఆ ఫ్యాను ముందు చెమట తుడుచుకుంటూ నిలబడతారు. ఎవరైనా తలుపు తీశారంటే ఇంట్లో ఉన్న తొమ్మిది మంది మొహాల మీదికీ కెమెరా మూడేసి సార్లు దూకాలి, వెనక ఉరుములు మోగాలి. అది చానల్ వాళ్ళ రూలు.

మా అత్తయ్య మాత్రం ఏడు కొట్టిందంటే టీవీ ముందు నుంచి కదిలేది కాదు. కొడుకు ఇంట్లో అడుగుపెట్టగానే, "ఏరా, ఆ చిన్నకోడలు దొంగదని వాళ్ళత్తకి ఎప్పుడు చెప్తావురా?" అని నిలదీసేది. "నా చేతుల్లో లేదమ్మా" అనేవాడు పాపం.

ఆయన దగ్గర ఒక కథ ఉంది. ఆయన మేనత్తలిద్దరు, వాళ్ళ తల్లి పోయాక ఏదో పట్టింపు వచ్చి, ఒకే ఇంట్లో ఏడాదిపాటు మాట్లాడుకోలేదట. ఒకే పొయ్యి, ఒకే దండెం, మాట మాత్రం లేదు. ఈయన అప్పుడు ఆ ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. ఆ ఏడాదిని సినిమాగా రాసి, చించి, మళ్ళీ రాసి పద్దెనిమిదేళ్ళు గడిపాడు. పోయినేడాది ఒక నిర్మాత ఆ కథ విని, "చేద్దామండీ. కానీ నాలుగు నెలల్లో మీరా సీరియల్ వదిలించుకుని రావాలి. ఆపైన నేనాగను" అన్నాడు.

వదిలించుకోవడం అంత తేలికా? మధ్యలో మానేస్తే రెండేళ్ళ జీతం వెనక్కి కట్టాలని కాగితం రాయించుకున్నారు. రేటింగ్ వరసగా మూడు వారాలు పడిపోయి, సీరియల్ దానంతటది ఆగిపోతేనే విడుదల. సరే, చెడగొట్టేద్దాం అనుకున్నాడు. చిన్నకోడలికి మతిమరుపు తెప్పించాడు. రేటింగ్ పెరిగింది. చచ్చిపోయిన మామగారిని ఏ కారణమూ చెప్పకుండా తిరిగి తీసుకొచ్చాడు. ఇంకా పెరిగింది. పెద్దకోడలు పిల్లిని చూసి పదకొండు నిమిషాలు అరిచింది. ఆ వారం చానల్ మేనేజరు పూలగుత్తి పట్టుకుని ఇంటికే వచ్చి, "సార్, మీరు మళ్ళీ ఫామ్‌లోకి వచ్చేశారు!" అన్నాడు. మా ఆయన తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"దీన్ని ఎలా చంపాలే?" అన్నాడు ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని.

రోజూ ఇదే ఏడుపు విని నాకు ఒళ్ళు మండిపోతోంది. "మీ సినిమాలో సీన్లు పెట్టండి. ఒక్కరు చూస్తే ఒట్టు!" అన్నాను.

విసురుగా అన్న మాట అది. ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ పూట నా నోరు పడిపోయినా బాగుండేది.

మర్నాటి నుంచి తోడికోడళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. దండెం మీది బట్టలు తెచ్చి పక్కపక్కనే కూర్చుని మడతపెట్టారు. చిన్నదాని జాకెట్టుకి ఊడిన హుక్కు పెద్దది చెప్పకుండా కుట్టిపెట్టింది. చిన్నది అది చూసి, వేలితో తడిమి, మళ్ళీ మడత వేసింది. ఉరుముల్లేవు, దూకే కెమెరా లేదు. మేనేజరు లబోదిబోమంటే, "పిల్లి సీనుకీ ఇలాగే భయపడ్డావు, రేటింగ్ పెరిగిందా లేదా?" అని నోరు మూయించాడట. నేను వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి, నిలబడిపోయి చూశాను. ఇన్నేళ్ళూ ఈయన లోపల పెట్టుకు తిరిగింది ఇదా అని ఎంత గర్వపడ్డానో!

అత్తయ్య రిమోట్‌ని అరచేత్తో తట్టింది. "అమ్మాయ్, సౌండ్ పోయినట్టుంది చూడు."

"పోలేదత్తయ్యా. వాళ్ళు మాట్లాడుకోవట్లేదు."

"మాట్లాడుకోకపోతే నేనెందుకు చూడాలి?" అని ఇంకో చానల్ పెట్టేసింది.

ఊరంతా అదే పని చేసింది. మూడు వారాలు, పదిహేను ఎపిసోడ్లు. రేటింగ్ పాతాళానికి పోయింది, సీరియల్ ఆపేశారు. ఆ రోజు మా ఆయన గడ్డం గీసుకుంటూ పాట పాడాడు. ఆయన పాడగలడని నాకప్పటిదాకా తెలియదు.

నిర్మాత ఆఫీసుకి నన్నూ తీసుకెళ్ళాడు. నిర్మాత మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మా లాయరు మీ కాగితం చూశాడండీ. సీరియల్లో వచ్చిన ప్రతి సీనూ చానల్‌దేనని మీరు సంతకం పెట్టారు. కథలో అసలు ఘట్టాలన్నీ వేసేశారు కదా. ఇప్పుడు నేను తీస్తే నా మీద కేసు పడుతుంది."

జీతం గురించిన పేజీ తప్ప ఆ కాగితంలో ఇంకో పేజీ మా ఆయన చదివిన పాపాన పోలేదు. నేనే కలగజేసుకుని, "మా కథలో వాళ్ళు అక్కచెల్లెళ్ళండీ, అక్కడ తోడికోడళ్ళు" అన్నాను.

"హుక్కు అదే కదమ్మా" అన్నాడు నిర్మాత.

అట్నుంచి అటే మేనేజరు దగ్గరికి పరుగెత్తాం.

"ఆ మూడు వారాలా? వాటిని మళ్ళీ వేసే ప్రసక్తే లేదు సార్, తలుచుకుంటేనే దడ."

"అయితే నాకు రాసిచ్చెయ్యండి" అన్నాడు మా ఆయన.

"అదెలా కుదురుతుంది సార్? మీకిస్తే అందరూ అడుగుతారు."

వాళ్ళకి అక్కర్లేదు, మాకు ఇవ్వరు! ఆ గదిలో గొంతు చించుకుని అరిచాను. మేనేజరు నాకు మంచినీళ్ళు తెప్పించి, సొరుగులోంచి కొత్త కాగితం తీశాడు. ఈసారి ముగ్గురు తోడికోడళ్ళట. "డైరెక్షన్ మీదే సార్" అన్నాడు.

మా ఆయన పెన్ను అడిగాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఏంటండీ ఇది? లేవండి, ఇంటికి పోదాం. ఇంకో కథ రాసుకోండి. మళ్ళీ పద్దెనిమిదేళ్ళు పట్టినా సరే, నేనున్నాను."

ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. ఆ మొహంలో నా మీద కోపం కూడా లేదు.

"నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటేనే" అన్నాడు.