భుజం మీదుగా విసిరే పిల్ల

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక చిన్న పార్కు ఉంది. సాయంత్రాలు అక్కడ మా అమ్మాయి బేస్‌బాల్ విసురుతుంటే పట్టుకునేదాన్ని నేనే. మా ఆయనకి భుజం నొప్పి. ఇండియా మ్యాచ్ ఉన్నరోజు టీవీ ముందు రెండు చేతులూ పైకెత్తి గంతులు వేయడానికి మాత్రం ఆ నొప్పి ఎప్పుడూ అడ్డం రాలేదు. అందుకని నేనే ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ దించి, చుడీదార్ మీదే గ్లవ్ తొడుక్కుని వెళ్ళేదాన్ని. బాల్ వచ్చి తగిలితే అరచెయ్యి భగ్గుమనేది. నేను ‘అబ్బా’ అంటే పిల్లకి ఎంత సంతోషమో. అసలు నాచేత ఆ మాట అనిపించడానికే విసురుతుందేమో అనుకునేదాన్ని.

రెండో క్లాసులో ఉన్నప్పుడు తీసుకెళ్ళి లీగ్‌లో చేర్పించాం. ఆ వయసులో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు. ఏటా ఒకరిద్దరు ఆడపిల్లలు, వాళ్ళకని విడిగా ఉండే సాఫ్ట్‌బాల్‌కి వెళ్ళిపోతూ వచ్చారు. చివరికి టీమ్‌లో టోపీ వెనకనుంచి జడ వేలాడేది మా పిల్లకొక్కదానికే. దానికదేం పట్టలేదు. అది పిచర్, బ్యాట్ పట్టినవాళ్ళకి బాల్ విసిరేది. ఆట మొదలయ్యేది దాని చేతిలోంచే.

సాఫ్ట్‌బాల్ తక్కువ ఆటని నేననను. బాగా ఆడేవాళ్ళని చూస్తే నోరు తెరుచుకుని చూడాల్సిందే. కానీ అది వేరే ఆట. బాల్ పెద్దది, గ్రౌండ్ చిన్నది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ పిచర్ బాల్‌ని భుజం మీదుగా విసరకూడదు. చేయి గిర్రున తిప్పి నడుం కిందనుంచి వదలాలి. మా పిల్లకి ఇన్నేళ్ళూ వచ్చిందల్లా భుజం మీదుగా విసరడమే. వీణ నేర్చుకున్నదాన్ని వయొలిన్ ముందు కూర్చోబెట్టి, ‘రెండింటికీ తీగలేగా, కానియ్’ అంటే ఎలా?

పన్నెండు నిండిన ఏడు చలికాలంలో పిల్ల పెద్దమనిషైంది. మా ఆయన విజయవాడలో ఉన్న వాళ్ళమ్మకి చెప్పడం, ఆవిడ బంధుకోటి మొత్తానికీ ఫోన్లు చేయడం పూటలో అయిపోయాయి. మర్నాడు న్యూజెర్సీలో ఉండే పెదమామగారొకాయన ఫోన్ చేసి, పిల్లనే లైన్‌లోకి పిలిచి, ‘కంగ్రాట్స్ అమ్మా’ అన్నారు. పిల్ల ఫోన్ నా చేతిలో పడేసి బాత్రూంలోకి పోయి తలుపేసుకుంది.

“ఓణీల ఫంక్షన్ చెయ్యకపోతే ఎట్లాగమ్మా? అక్కడ హాళ్ళు దొరకవా ఏంటి?” అన్నారు అత్తయ్య వీడియో కాల్‌లో.

ఇక్కడి స్నేహితురాళ్ళు కూడా, హాల్ మేం బుక్ చేస్తాం, నువ్వు చీరలు చూసుకో చాలు, అని తయారయ్యారు. నేను ససేమిరా అన్నాను. పిల్లకి పట్టుబట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇకనుంచి నువ్వు వేరు అని నలుగురికీ చాటడం నా వల్ల కాదు.

“ఈ దేశంలో ఆడపిల్లకి అలాంటి గీతలేం ఉండవు అత్తయ్యా. ఇది బేస్‌బాల్ ఆడే పిల్ల” అన్నాను. ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, సగం పని అయిపోయిందనుకున్నాను.

మార్చి రాకుండానే సెలెక్షన్లు వచ్చాయి. పన్నెండు దాటినవాళ్ళకి పెద్ద గ్రౌండ్, కొత్త కోచ్. మా అమ్మాయి ఆ రోజు విసిరినట్టు నేనెప్పుడూ చూడలేదు. దానికన్నా జానెడు ఎత్తున్న మగపిల్లలు బ్యాట్‌తో గాలిని కొట్టి వెనక్కి వెళ్ళారు. ఒకడి తండ్రి నా పక్కనే నిలబడి, ‘ఎవరీ పిల్ల?’ అనడిగితే, నాదే అని చెప్పుకున్నాను. నాకు గర్వంగా ఉంది. ఎందుకు దాచాలి?

అంతా అయ్యాక కోచ్ మమ్మల్ని పక్కకి పిలిచాడు. మర్యాదస్తుడు, మొహం నిండా నవ్వు. ఇంత మంచి చేయి చాలా అరుదు అన్నాడు. సాఫ్ట్‌బాల్‌లో అయితే స్టార్ అవుతుంది అన్నాడు. కార్ల పార్కింగ్ అవతల ఉన్న గ్రౌండ్ వైపు చూపించాడు.

“ఆడపిల్లలు ఇక్కడ ఆడకూడదని రూల్ ఉందా?” అని అడిగాను.

అయ్యో, అలాంటి రూలేం లేదన్నాడు. ఈ వయసునుంచి మగపిల్లలు ఒక్కసారిగా ఎదుగుతారు, బాల్ గట్టిగా వస్తుంది, ఇదంతా అమ్మాయి మంచికే అన్నాడు. కావాలంటే టీమ్‌లో ఉండొచ్చు, కానీ బెంచీ మీద కూర్చోవలసి వస్తుందేమో, పిచింగ్ మాత్రం మాట ఇవ్వలేను అన్నాడు. పొమ్మనలేక పొగబెట్టడం మన దగ్గరే ఉందనుకునేదాన్ని. రూల్ ఉంటే దాన్ని పట్టుకుని ఎక్కడిదాకా అయినా వెళ్ళి పోట్లాడేదాన్ని. నవ్వు మీద ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి? ఇప్పుడే కదా విసిరింది, ఒక్కడైనా కొట్టగలిగాడా, అని నా గొంతు లేచింది. పిల్ల నా చున్నీ పట్టుకు లాగింది.

“అమ్మా, పోదాం. ప్లీజ్.”

కారు హైవే ఎక్కింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“అమ్మా, కోచ్‌కి ఎవరు చెప్పారు?”

“ఏం చెప్పడం?”

“అదే... దట్ థింగ్. నానమ్మ అందరికీ చెప్పింది కదా. కోచ్‌కి కూడా చెప్పిందా?”

ముందు నాకు నవ్వు రాబోయింది. మా అత్తయ్య ఫోన్ జాబితాలో బేస్‌బాల్ కోచ్! కానీ పిల్ల నిజంగా అడుగుతోంది.

“ఛ, లేదు తల్లీ. ఆయనకేం తెలుసు?”

“మరి లాస్ట్ ఇయర్ ఓకే కదా? నేను సేమ్ గానే ఉన్నా కదా? ఇప్పుడే ఎందుకు నో చెప్పారు?”

అత్తయ్య చెప్పమన్నదీ, ఈ కోచ్ చెప్పిందీ ఒకే మాట. ఆవిడ పట్టుబట్టలు పెట్టి, నలుగురికీ భోజనం పెట్టి చెబుదామంది. ఈయన పార్కింగ్ పక్కన నిలబడి చెప్పేశాడు. ఆవిడతో పోట్లాడి గెలిచాను కదా అని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. పిల్ల టిష్యూ తీసి ఇచ్చింది.

బెంచీ మీద కూర్చోనంది. సాఫ్ట్‌బాల్‌లో చేరింది. అక్కడి పిచర్లు ఆరేడేళ్ళ వయసునుంచి చేయి తిప్పుతున్నవాళ్ళు. వాళ్ళ ముందు మా పిల్ల కొత్తగా నడక నేర్చుకుంటున్నట్టుంది. దాన్ని గ్రౌండ్ చివర, బాల్ ఎప్పుడోగానీ రాని చోట నిలబెట్టారు. తప్పు వాళ్ళది కాదు. సాఫ్ట్‌బాల్ కోచ్ ఆడమనిషి, మంచిది. చిన్నప్పుడు తనూ అన్నదమ్ములతో బేస్‌బాలే ఆడేదట. తర్వాత ఏమైందని అడిగితే, ‘తర్వాత ఇది’ అని భుజాలెగరేసింది. అలవాటైపోతుందిలే అని నన్నే ఓదార్చింది.

అలవాటైంది కూడా. సాయంత్రాలు పార్కుకి రమ్మని పిల్ల నన్ను పిలవడం మానేసింది. నేను పిలిస్తే హోంవర్క్ ఉందంటుంది. ఒక్కసారైనా తలుపులు బాదుకుని, నన్ను నాలుగు తిట్టి ఏడ్చినా బాగుండేది. అన్నిటికీ ‘ఇట్స్ ఓకే అమ్మా’ అంటుంటే నాకు దిగులు. దాని వయసులో నేను అంత తొందరగా దేనికీ సరే అనలేదు.

మొన్న పై అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళ పాప, ఏడేళ్ళుంటాయి, గ్లవ్ పట్టుకుని మా తలుపు కొట్టింది.

“అక్కా, నాకు పిచింగ్ నేర్పవా?”

ఏమనుకుందో ఏమో, మా అమ్మాయి లేచి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ఆ సెలెక్షన్ల తర్వాత పార్కులో దాని చేతిలో బాల్ చూడటం ఇదే. నా ప్రాణం లేచొచ్చింది. పాప చేయి వెనక్కి లాగి, భుజం మీదుగా శక్తికొద్దీ విసిరింది. బాల్ వంకరగా పోయి పొదలో పడింది కానీ, ఆ చేయి ఎంత బాగా లేచిందో. ఎవరూ నేర్పకుండానే లేచింది.

మా అమ్మాయి బాల్ తెచ్చింది. పాప వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మణికట్టు పట్టుకుని మెల్లిగా కిందికి దించింది.

“అలా కాదు. ఇలా, కిందనుంచి.”

నేను ఉండబట్టలేక లేచి దగ్గరికి వెళ్ళాను. “అదేంటే, నీకొచ్చింది నేర్పొచ్చుగా?”

పాపకి వినపడకుండా చిన్న గొంతుతో అంది. “వద్దమ్మా. ఫస్టే ఇది నేర్చుకుంటే, తర్వాత ఎవరూ తన దగ్గర్నుంచి లాక్కోడానికి ఏం ఉండదు.”

పాప చేయి గిర్రున తిప్పి బాల్ వదిలింది. తిన్నగానే వెళ్ళింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.