తొమ్మిది నుంచి మూడు దాకా

దమయంతి గారి సాయం తట్టుకోవాలంటే గట్టి గుండె ఉండాలి. ఈ మాట ఆమె ముందే చాలాసార్లు అన్నాను, నవ్వి ఊరుకుంటారు. మా లండన్‌లో, అంటే ఒంటారియో లండన్‌లో, ఆమె నలభై మూడేళ్ళుగా ఉంటున్నారు. ఆసుపత్రి బ్లడ్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. భర్త రాఘవులు గారు పోయాక అంత ఇంట్లో ఒక్కరే ఉండలేక పైగది స్టూడెంట్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. మన స్టూడెంట్లకు కాదు. యూనివర్సిటీలో సంగీతం చదవడానికి ఎక్కడో ఉత్తరాన రోడ్డు కూడా లేని ఊళ్ళ నుంచి వచ్చే ఫస్ట్ నేషన్స్ పిల్లలకు, అంటే ఈ దేశం అసలు ఎవరిదో ఆ జనం పిల్లలకు.

"మన పిల్లలకైతే నువ్వున్నావు, గుడుంది, వాట్సాప్ గ్రూపులున్నాయి. వాళ్ళకి ఇక్కడెవరున్నారు సుధా?" అన్నారు, ఎందుకండీ ఈ తంటా అని నేనడిగితే.

ఆ మాట నిజమే. కానీ పెళ్ళికి ముందు పదేళ్ళు వయొలిన్ నేర్చుకుని, పెళ్ళయ్యాక పెట్టె తెరవని మనిషి ఆమె. ఇంట్లో ఎవరైనా సాధన చేస్తుంటే వినాలన్నదే అసలు కోరికని నా అనుమానం.

మొదట వచ్చినవాడు ట్రావిస్. గిటార్ వాయిస్తూ పాడేవాడు. వాడికి రోజూ మూడు కూరలు, పెరుగన్నం, పడుకోబోయే ముందు పాలు. అక్టోబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకు ఊరెళ్ళాడు, మళ్ళీ రాలేదు. వాడి కారణాలు వాడికున్నాయి. ఆమె మాత్రం తన వంట వల్లనో, తన మాట వల్లనో పోయాడని మూడు నెలలు కుమిలిపోయారు. ఆ తర్వాత స్టూడెంట్ ఎవరైనా బ్యాగ్ సర్దుతుంటే చాలు, ఆమె పని వదిలేసి గుమ్మంలో నిలబడేవారు.

తర్వాత వచ్చిన అమ్మాయి డెలైలా. పంతొమ్మిదేళ్ళు, ఉత్తరాన జేమ్స్ బే సముద్రం ఒడ్డున క్రీ తెగవాళ్ళ ఊరు. ఆ ఒడ్డున ఎప్పటినుంచో ఫిడేలు వాయించే అలవాటుంది. తాత దగ్గర నేర్చుకుందట. తాత పోయాక ఆమెను పెంచింది, రోజూ కూర్చోబెట్టి వాయించమని వింటూ వచ్చింది కూకమ్, అంటే అమ్మమ్మ. డెలైలా వాయించేటప్పుడు రెండు కాళ్ళతో నేల మీద దరువేస్తుంది. కాలేజీలో కాళ్ళు కదపొద్దన్నారని మొదటివారం ముఖం ముడుచుకుని వచ్చింది. దమయంతి గారు వెంటనే తొడ మీద తాళం వేసి చూపించారు. "మేమైతే చేత్తో వేస్తాం, నువ్వు కాళ్ళతో వెయ్యి, ఇంట్లో ఎవరడుగుతారు?" అన్నారు. ఆ రోజుతో ఇద్దరికీ కుదిరింది. డెలైలా ఆమెను ఆంటీ అనేది. మన పిల్లలు అలవాటుగా అంటారే, అలా కాదు, నిజంగా చుట్టరికం కలుపుకుని అనేది.

ఏప్రిల్ మొదటి వారంలో డెలైలాకు జ్యూరీ వచ్చింది. ముగ్గురు ప్రొఫెసర్ల ముందు అరగంట వాయించాలి. నెగ్గితే వచ్చే ఏడాది నుంచి కచేరీ కోర్సు, లేకపోతే మామూలు కోర్సు. ఆ వారమంతా ఫోను చూస్తే మనసు చెదురుతోందని డెలైలా తన ఫోన్ దమయంతి గారికిచ్చింది. "జ్యూరీ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి ఆంటీ" అంది. దాన్ని ఆమె వంటింటి సొరుగులో పెట్టారు. జ్యూరీ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి.

గురువారం ఉదయం తొమ్మిదికి ఆ ఫోన్ మోగింది. అవతల డెలైలా పిన్ని లోరెట్టా. కూకమ్‌కు ఊపిరి అందడం లేదు, ఊరి ఆసుపత్రిలో పెట్టారు, డాక్టర్ అందర్నీ రమ్మనమన్నాడు, డెలైలాను వెంటనే పంపండి అని చెప్పింది. డెలైలా అప్పటికే పియానో వాయించే తోడుతో రిహార్సల్‌కు కాలేజీకి వెళ్ళిపోయింది. "చెప్తాను" అన్నారు దమయంతి గారు. ఫోన్ పెట్టేసి నాకు చేశారు.

"రేపు రెండింటికి జ్యూరీ సుధా. అయ్యాక చెబుదాం."

నేనేమన్నానో దాచుకోను. "అంతేలెండి, ఇప్పుడు చెప్తే అది ఏం వాయిస్తుంది? ఎగ్జామ్ అయ్యాక మెల్లగా చెబుదాం" అన్నాను. ఆలోచించి కాదు, నోటి నుంచి అదే వచ్చింది. మా ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇంకో మాట రాదు. పరీక్ష ముందున్న పిల్లకు చావుబతుకుల కబురు చెప్పడమా?

పైగా దమయంతి గారికి సొంత అనుభవం ఉంది. విశాఖలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, చివరి పరీక్షల్లో, తెనాలిలో వాళ్ళ నాన్న గారు పోయారు. ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. ఆఖరి పేపర్ రాసి హాస్టల్‌కు వచ్చేసరికి మేనమామ గదిలో కూర్చుని ఉన్నారట. ఇంటికెళ్ళేసరికి పదకొండో రోజు. ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఈ కథ ఆమె నాకు పదిసార్లు చెప్పి ఉంటారు, ప్రతిసారీ "మావాళ్ళు ఎంత గుండె దిటవు చేసుకుని దాచారో చూడు" అనే చెప్పారు. నేనూ ప్రతిసారీ తలూపాను.

పన్నెండున్నరకు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. పప్పు మాడింది. దమయంతి గారి ఇంట్లో పప్పు మాడడం నేనెన్నడూ ఎరగను. సొరుగులో ఫోన్ ఆగి ఆగి వణుకుతోంది. ఆమె దానివైపు చూడకుండా అన్నం వడ్డిస్తున్నారు.

"అది వెళ్తే మళ్ళీ రాదేమో సుధా. ట్రావిస్ రాలేదు కదా. ఒక్క రోజు. ఈ ఒక్క రోజు దాటితే, నేనే ఫ్లైట్ టికెట్ తీసిస్తా."

"తీసిద్దాం లెండి" అన్నాను, మాడిన పప్పు కలుపుకుంటూ.

ఒకటిన్నరకు ఆమె ఉండబట్టలేక ఫోన్ ఎత్తారు. లోరెట్టా గొంతు నాకూ వినిపించింది. "చెప్పారా?"

"క్లాస్‌లో ఉంది. రాగానే చెప్తా."

"అమ్మ తనను అడుగుతోంది. ఇప్పటికి మూడుసార్లు అడిగింది. ఇక్కడ నదిలో గడ్డకట్టిన మంచు కదలడం మొదలైంది, వరదొస్తే అంతా ఆగిపోతుంది. రేపటి తర్వాత విమానాలు ఎప్పుడుంటాయో ఎవరూ చెప్పలేరు."

ఫోన్ పెట్టేసి దమయంతి గారు కుర్చీలో కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆమె అబద్ధమాడగా వినడం అదే మొదటిసారి. "ఏం చేద్దాం సుధా, ఏం చేద్దాం" అని అదే మాట నాలుగుసార్లు అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. వెలిగిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను ఈ ఊళ్ళోనే ఒక కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే స్టూడెంట్ పరీక్ష వాయిదా వేసుకోవచ్చు. ఒక ఫారం, ఒక సంతకం. అలాంటి ఫారాలు నా చేతుల మీదుగా వందల్లో వెళ్ళాయి. పొద్దున్న తొమ్మిదింటి నుంచి అది నాకు గుర్తే రాలేదు. ఆఫీసులో కూర్చుంటే వచ్చేది. తెలుగులో చావుబతుకుల కబురు వినగానే పరీక్ష అంటే కదపరానిది అయిపోయింది.

ఫస్ట్ నేషన్స్ పిల్లల కోసం ఉన్న యూనివర్సిటీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ క్షణం ఆలోచించలేదు. "జ్యూరీ మే నెలకు మార్పిస్తాను, ప్రొఫెసర్‌తో నేను మాట్లాడతాను, తనను బయల్దేరమనండి" అంది. తర్వాత మామూలుగా అడిగింది, "వాళ్ళింటి నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చింది?"

థాంక్స్ చెప్పి పెట్టేశాను.

మేం కాలేజీకి వెళ్ళేసరికి మూడు. ప్రాక్టీస్ గది తలుపు సందులోంచి ఫిడేలు, కాళ్ళ దరువు వినిపిస్తున్నాయి. దమయంతి గారు తలుపు కొట్టలేకపోయారు, నేనే కొట్టాను. చెప్పింది మాత్రం ఆమే. వంకర లేకుండా చెప్పి, ఫోన్ అమ్మాయి చేతికిచ్చారు.

డెలైలా ఫిడేలు పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఎప్పుడు చేశారు ఫోన్?"

"తొమ్మిదికి."

గోడ గడియారం వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

టొరంటో ఎయిర్‌పోర్టుకు నేనే డ్రైవ్ చేశాను. నాలుగు వందల ఒకటో హైవే మీద వుడ్‌స్టాక్ దాటినా, గ్వెల్ఫ్ మలుపు దాటినా వెనక సీట్లో డెలైలా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. దమయంతి గారు నా పక్కన, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్నారు, దాన్ని వెనక్కి అందించే ధైర్యం లేక.

"ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి డెలైలా. ఇంగ్లీషులోనే, మెల్లగా.

"రేపు జ్యూరీ కదా అని."

"జ్యూరీ వచ్చే నెలా ఉంటుంది ఆంటీ."

దమయంతి గారు వాళ్ళ నాన్న గారి సంగతి చెప్పారు. హాస్టల్ గది, మేనమామ, పదకొండో రోజు, ఫస్ట్ క్లాస్, అన్నీ. అది విని అమ్మాయి అర్థం చేసుకుంటుందని ఆమె ఆశ. డెలైలా అంతా విని ఒకటే అడిగింది.

"మీకు కోపం రాలేదా?"

దమయంతి గారు డబ్బా మూతను రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. పక్కకి చూస్తే కళ్ళ నిండా నీళ్ళు. యాభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదనుకుంటాను. నేనైతే అడగలేదు.

డెలైలా ఊరికి వెళ్ళాలంటే టిమ్మిన్స్‌లో విమానం మారాలి. టిమ్మిన్స్ వెళ్ళే ఆఖరి విమానం మేం చేరేసరికే వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్లో ఉండి, తెల్లవారి మొదటి విమానం ఎక్కించాం. టిమ్మిన్స్ నుంచి తీరానికి వెళ్ళే పొద్దుటి చిన్న విమానం అందదు, మధ్యాహ్నం దానికే సీటు దొరికింది. డెలైలా ఫిడేలు భుజాన వేసుకుని సెక్యూరిటీ వైపు వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆ శుక్రవారం నాకు ఇప్పటికీ గంట గంటా గుర్తుంది. తిరిగి ఇంటికొచ్చాక దమయంతి గారు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. టిమ్మిన్స్‌లో పొగమంచని, విమానం గంట లేటని డెలైలా మెసేజ్ పెట్టింది. తర్వాత ఏమీ లేదు. ఆమె హాల్లో కిటికీ నుంచి వంటింటికి, వంటింటి నుంచి కిటికీకి తిరుగుతూనే ఉన్నారు. "కూర్చోండి, పడిపోతారు" అంటే వినరు. ఆరింటికి మెసేజ్ వచ్చింది. ఐదింటికి చేరిందట. కూకమ్ ఒంటిగంటకు పోయిందట.

దమయంతి గారు కాగితం తీసుకుని లెక్క వేశారు. వద్దన్నా వేశారు. తొమ్మిదికి చెప్పి ఉంటే గురువారం సాయంత్రం విమానం అందేది. శుక్రవారం పొద్దున్నే తీరానికి వెళ్ళే విమానం అందేది, అది పొగమంచు పట్టకముందే ఎగిరింది. పదకొండుకు ఊళ్ళో దిగేది.

"రెండు గంటలు సుధా. అమ్మమ్మ పక్కన రెండు గంటలు కూర్చునేది."

ఆ రెండు గంటల్లో నా వాటా నాకుంది.

వారం రోజులు డెలైలా నుంచి కబురు లేదు. దమయంతి గారు రోజూ పైగది తుడిచేవారు, దుప్పటి మార్చేవారు. ఇక రాదన్నది ఖాయం చేసుకున్నారు. రాకపోయినా ఫర్వాలేదు, తన వల్ల చదువు మానేస్తే మాత్రం బతకలేనని నాతో అన్నారు.

ఎనిమిదో రోజు లోరెట్టా ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను, ఆమె స్పీకర్ పెట్టారు.

"మీకు థాంక్స్ చెప్పాలని చేశాను. డెలైలా అంతా చెప్పింది. వినగానే మీరు టొరంటో దాకా తీసుకొచ్చారట, హోటల్లో తోడున్నారట. పాపం మీరేం చేస్తారు, పొగమంచు అలా పట్టేస్తే."

దమయంతి గారు నా వైపు చూశారు. డెలైలా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తప్పంతా పొగమంచు మీదికి తోసేసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఊరుకోండి అన్నట్టు. చచ్చినా ఆ అలవాటు పోదు నాకు. ఆ పిల్ల కప్పిపుచ్చింది కదా, అలాగే ఉండనిస్తే ఎవరికి నష్టం అనుకున్నాను.

"పొగమంచు కాదమ్మా," అన్నారు దమయంతి గారు. "నేను. మీరు తొమ్మిదికి చేస్తే నేను తనకు మూడింటికి చెప్పాను. క్లాస్‌లో ఉందని మీతో అబద్ధం చెప్పాను. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను. మా ఇళ్ళలో అలాగే చేస్తాం. అది తప్పు."

అవతల ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు, కుక్క మొరుగుడు. ఫోన్ పెట్టేసిందేమోనని నేను తొంగి చూశాను. పెట్టలేదు.

"మా అమ్మ తలుపు వైపే చూస్తూ పోయింది" అంది లోరెట్టా.

దమయంతి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అయితే నా మంచి కోసమని నాతో అబద్ధమాడేవాళ్ళు ఇద్దరన్నమాట. మీరూ, అదీను." పిల్లల్ని బయటికి పంపి మళ్ళీ అందుకుంది. "దాని మాట నేను దానితో మాట్లాడతాను. మీ మాట మీతో ఇంకోరోజు మాట్లాడతాను. ఇప్పుడు నావల్ల కాదు."

"సరేనమ్మా."

"ఆదివారం వస్తోంది. టొరంటోలో నాలుగింటికి దిగుతుంది. వేరే ఎక్కడైనా ఉంటావా అని అడిగాను, వద్దంది. మీరు వెళ్తారా, ఇంకెవరినైనా చూడమంటారా?"

దమయంతి గారు చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, "నేనే వెళ్తాను. ఈసారి మీరేం చెప్పమన్నా, చెప్పమన్న క్షణంలోనే చెప్తాను" అన్నారు.

"అయితే రాయండి," అంది లోరెట్టా, "ఇది దానికి కారులోనే చెప్పాలి. సమయానికి రాలేదని కూకమ్‌కు చివరిదాకా దాని మీద కోపం లేదని. చెప్పబోతే ఏడుపొచ్చి, దానికి నేను చెప్పలేకపోయాను."