చేమాకు మీద పరీక్ష

అనకాపల్లి కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే రోజుల్లో ఒకసారి నాకొచ్చిన కోపానికి పొయ్యి లేకుండానే బెల్లం వండుకోవచ్చు. రెండువేల దశకం మొదట్లో మాట.

మా ఎమ్మెస్సీ పిల్ల ఒకర్తె ఏడాదిపాటు లారీ షెడ్లలో నూనె కారిన మట్టి తవ్వి, సబ్బు గుణమున్న పదార్థాన్ని కక్కే బాక్టీరియాను పట్టింది. ఆ గుణం తేల్చడానికి తలతన్యత కొలిచే యంత్రం మాకెక్కడిది? స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, పైన నూనె పల్చగా పరిచి, బాక్టీరియా పెరిగిన ద్రవం ఒక్క చుక్క వేసేవాళ్లం. నూనె గుండ్రంగా విడిపోయేది. ఆ గుండ్రాన్ని స్కేలుతో కొలిచేవాళ్లం. అంతే. ఒకటే షరతు, ఆ పళ్లేనికి సబ్బు తగలకూడదు.

వైవా రోజున ఎగ్జామినరు మీసం ముందొచ్చింది, పావుగంటకి ఆయనొచ్చాడు. ఆయన సంతకం పెడితేనే పిల్ల పాసు.

నూనె పోశాం. పరుచుకోలేదు సరిగదా, ముక్కలై అంచులకు పారిపోయింది. చుక్క ఇంకా పిల్ల చేతిలోనే ఉంది!

"మీ సూక్ష్మజీవి మహా చురుకండీ, రాకముందే పని కానిచ్చేసింది" అన్నాడు ఎగ్జామినరు.

నేను ల్యాబ్ అటెండరు వైపు తిరిగాను. మా ఊరివాడే, వరసకి బావ.

"పెద్దసారు వత్తన్నారని సబ్బెట్టి మూడుసార్లు తోమేను బావా. ఎలా మెరుత్తందో సూడు!"

నేను తిట్టిన తిట్లకి బీకర్లు చెవులు మూసుకున్నాయి.

"యంత్రం లేనప్పుడు ఈ వంటింటి పనులెందుకు?" అని ఎగ్జామినరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఏడాది కష్టం ఆ జేబులోకి పోయింది. బావ మీది కోపం కూడా తీసి ఆయన మీదే వేశాను, మనసులో.

పిల్ల కళ్లు తుడుచుకుని బయటికి పరిగెత్తి, కుళాయి పక్కనున్న చేమాకు కోసుకొచ్చింది. బాక్టీరియా లేని ద్రవం చుక్క వేస్తే ముత్యంలా నిలబడింది. బాక్టీరియా పెరిగిన ద్రవం వేస్తే చతికిలబడి ఆకుకి అంటుకుపోయింది.

"సబ్బు గుణముంటేనే ఇలా పరుచుకుంటుందండి" అంది.

ఆయన ముక్కు ఆకుకి తగిలేదాకా వంగి చూశాడు. తప్పు దొరకలేదు. "రికార్డులో చేమాకు అని రాస్తే సంతకం పెట్టను. నలుగురూ నవ్వుతారు."

నా గొంతులో లారీ హారన్ మోగబోతుండగా, పిల్ల రికార్డులో చేమాకు అన్న మాట కొట్టేసి, దాని శాస్త్రీయ నామం 'కొలొకేసియా ఎస్కులెంటా' అని రాసింది.

"ఆఁ, ఇదీ సైన్సంటే!" అని ఆయన సంతకం గీకాడు.

పిల్ల పాసయింది. ఆయన గేటు దాటేదాకా నేను నోరు విప్పలేదు, విప్పితే ఆ సంతకం కొట్టేస్తాడని భయం. అప్పుడు మింగిన తిట్లు ఇప్పటికీ అరగలేదు.