మా బీడుకు దక్షిణాన సుద్దకొండ

"మన మేతబీడులో ఒక్క గజం కూడా పోనీను. నాదీ పూచీ."

పోయిన నెల మా ఊరి మునెమ్మవ్వకు నేనిచ్చిన మాట ఇది. నిన్న తహశీల్దార్ ఆఫీసులో ఆ మాట ఏమైందో చెబుతాను. నవ్వేవాళ్లు చివరిదాకా ఆగండి.

రేణిగుంట పక్కన గోడౌన్ కడుతున్న ఒకాయన మా ఊరి మేతబీడుకు కంచె వేస్తున్నాడు. మునెమ్మవ్వ మేకలకు ఆ బీడు తప్ప దిక్కు లేదు. నాకు రక్తం మరిగింది. 'భూమి దున్నేవాడిదైతే బీడు మేపేవాడిది' అని గోడలన్నీ నింపాను. అర్జీ రాసే పనీ నెత్తికెత్తుకున్నాను.

అప్పటికే మా స్టడీ సర్కిల్ కోసం ఇంగ్లండులోని ఒక చిన్న పల్లె చరిత్ర రాసి ఉన్నాను. ఊరందరూ గొర్రెలు మేపుకునే ఉమ్మడి బీడు, దాన్ని భూస్వామి కంచె వేసి కలిపేసుకున్న కథ. ఇదీ అదే కదా అని దాన్నే ఫోన్లో కాపీ చేశాను. ఊరి పేరు మార్చాను. 'పదిహేనో తేదీలోగా జవాబు కావాలి' అని చేర్చి ప్రింట్ తీయించాను.

తహశీల్దార్ మేడమ్ నిదానంగా చదివింది.

"ఉత్తరాన రాతి చర్చి, తూర్పున నీటిమర, దక్షిణాన సుద్దకొండ. మీ ఊళ్లో సుద్దకొండ యాడుండాది బాబూ?"

గోడౌన్ ఆయన తరఫు లాయరు దగ్గు నటించాడు.

"టైపింగ్ మిస్టేక్ మేడమ్," అన్నాను.

"కొండంత మిస్టేకా? సరే, అసలు హద్దులు నోటితో చెప్పు."

ఆ ఇంగ్లండు పల్లెలో వాగు ఎక్కడ ఏ మలుపు తిరుగుతుందో నాకు తెలుసు. మా బీడుకు పడమర ఏముందో తెలియదు. ఆ వైపు నేనెప్పుడూ నడవలేదు.

వెనక నుంచి మునెమ్మవ్వ అందుకుంది. "ఉత్తరాన పాముల వంక, తూర్పున కానుగ చెట్లు, దక్షిణాన గుండ్లగుట్ట. పడమర మా మామను పూడ్చిన సోటు మేడమ్."

"ఇదే రాసుకోని రాండి. తప్పు అర్జీ మీద నేను కంచె ఆపలేను."

బస్సు రేణిగుంట దాటినాక అవ్వ అడిగింది: "అబ్బయ్యా, ఆ సుద్దకొండ కాడ మేత బాగుంటాదా? మేకల్ని ఆడికే తోలుకపోదాం."

ఇవాళ బీడులో కంచెకు ఇంకో వరస రాతిస్తంభాలు లేచాయి. నేను నోట్‌బుక్ పట్టుకుని మేకల వెనక నడిచాను. అవ్వ చెప్పింది, నేను రాశాను. పాత అర్జీలోంచి ఆమె కొట్టేయమన్నదంతా కొట్టేస్తే, మిగిలింది ఒక్క వాక్యం.

పదిహేనో తేదీలోగా జవాబు కావాలి.