దొరసాని సీమచెట్టు, మా అత్త మోకాళ్లు

మలయా దేశంలో తెలుక్ ఆన్సన్ అవతల, సముద్రపు గాలి తగిలే రబ్బరు ఎస్టేటులో నేను పన్నెండు బిర్చి చెట్లు పెంచాను. మంచు కురిసే దేశాల్లో తప్ప బతకని చెట్లు. తెల్లటి బెరడు, కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. మన రుషులు రాసుకున్న భూర్జపత్రం దీనికి చుట్టమేనని మా లైన్లో, అంటే కూలీల ఇళ్ల వరసలో, చదువొచ్చిన ఒకాయన చెప్పాడు కూడా. ఈ సంగతి నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలోనూ, కాఫీ కొట్ల దగ్గరా, ఆఖరికి చావుఇళ్లలోనూ చెబుతున్నాను.

పన్నెండు కాదు, మూడు. ఆ మూడూ మొలిపించింది కూడా నేను కాదు, మా మేనత్త. నేను చేసిందల్లా చివరికి మిగిలిన ఒక్కదాన్ని చంపడం.

అమ్మా నాన్నా జ్వరాలతో పోయాక నన్ను పెంచింది ఆ అత్తే. పిల్లలు లేని విధవ. నన్ను వెంటబెట్టుకుని విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చింది. పన్నెండేళ్లు కలుపు గ్యాంగులో లాలాంగ్ గడ్డి తవ్వింది. ఆ గడ్డి వేరు మూరెడు లోతుకు పోతుంది. రోజంతా వంగి పారతో లాగాలి. మోకాళ్లు వాచి కుండల్లా అయిపోయాయి. రోజూ రెండు పూటలా వాటికి కాయు పుతే నూనె రాసేది. చిత్తడి నేలల్లో పెరిగే గెలాం చెట్టు ఆకు నుంచి మలాయి వాళ్లు తీసే నూనె అది, ఘాటైన వాసన. అత్త వస్తోందంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేది.

అలాంటప్పుడు ఎస్టేటు దొరసాని ఆమెను బంగళా తోటలోకి తీసుకుంది. కూర్చుని చేసుకునే పని. ఆ పని తన మరదలికి ఇప్పించాలని మా కూలీల మేస్త్రీ, కంగాణి, అప్పటికే చూస్తున్నాడు. తోటలో ఏదైనా తప్పు జరిగితే అత్త మళ్లీ లాలాంగ్‌లోకి పోవాల్సిందే. ఇది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

బిర్చి విత్తనాలు దొరసానికి వాళ్ల అక్క దగ్గర్నుంచి ఉత్తరం కవరులో వచ్చాయి. రెక్కలున్న పొట్టులాంటి గింజలు. పోసేటప్పుడు అత్త ఊపిరి బిగబట్టిందట, ఎగిరిపోతాయని. విత్తే ముందు దొరసాని వాటిని తడి ఇసుకలో కలిపి, ఇపో నుంచి రంపపు పొట్టులో చుట్టి వచ్చే మంచుగడ్డ పెట్టెలో నెలరోజులు ఉంచింది. చలికాలం వచ్చి వెళ్లిపోయిందని గింజను నమ్మించాలట. అత్త ఇంటికొచ్చి ఒకటే నవ్వు.

"గింజని కూడా మోసం సేస్తే గానీ మొలవదేటిరా."

ఏటి ఇసుకా ఆకుల కుళ్లూ కలిపి వెడల్పాటి పళ్లెంలో నింపి, గింజలు పైపైనే చల్లారు. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. పైన అద్దం పలక. అత్త చిన్న పీట మీద కూర్చుని వేళ్లు నీళ్లలో ముంచి విదిలించేది. మూడు మొలకలు వచ్చాయి. రెండు ఎండకు మాడిపోయాయి. మూడోదాన్ని అత్త వరండా నీడలో పెట్టి, కుండీకి తడి గోనె చుట్టి, మధ్యాహ్నం అయ్యేసరికి గోనె మార్చి బతికించింది. రెండేళ్లకు మోకాలెత్తు అయింది. మాను గోధుమ రంగులోనే ఉండేది. తెల్లబడడానికి ఇంకా ఏళ్లు పడుతుందని దొరసాని చెప్పింది. అత్త దాన్ని సీమచెట్టు అనేది.

అప్పుడు దొరసాని ఆరు నెలలకు సొంత దేశం వెళ్లింది. కుండీ అత్తకు అప్పగించి, నేను వచ్చేసరికి ఇది ఉండాలి అని మలాయిలో చెప్పింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసే పని. నా కత్తి బెరడు దాటి చెక్కకు తగిలిందని ఏ కంగాణీ ఏనాడూ అనలేదు. ఇదీ పెంచి చెప్పిందే, రెండుసార్లు అన్నాడు. కానీ చేతినేర్పు ఉండేది, అది నిజం. రబ్బరు మానుకు ఒక తమాషా ఉంది. గాటు పెట్టిన చోట కొన్నేళ్లకు బెరడు మళ్లీ పూడి వస్తుంది, మళ్లీ గీస్తాం. రోజూ అదే చూసేవాణ్ణి గనుక చెట్టన్నది ఏదైనా అంతే అనుకున్నాను. దొరసాని తిరిగొచ్చేసరికి ఒక చెట్టు బదులు రెండు చూపిస్తే అత్త పని ఎవరూ కదపలేరని కూడా అనుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఆ రెండో మాటే. అసలు సంగతి, లైన్లో నలుగురి ముందూ ఒక కోతతో రెండు చెట్లు చేస్తానని పందెం కట్టినట్టు మాట్లాడేశాను.

అత్తతో అన్నాను, మా ఊళ్లో జామకు కట్టినట్టు దీనికీ అంటు కడతానని.

"దాని జోలికెల్లకు గుంటడా. అది రబ్బరు సెట్టు కాదు."

"సెట్టు సెట్టే గదత్తా. బెరడు తీస్తే మళ్లీ రాదేటి?"

"రాకపోతే నువ్వొస్తావేటి నా బదులు లాలాంగ్‌లోకి? ఒగ్గీ."

ఆమె బియ్యం తేవడానికి పోయిన మధ్యాహ్నం నేను బంగళా వెనక నుంచి వెళ్లాను. మాను నడుమన వేలెడు వెడల్పు ఉంగరంలా బెరడు తీయబోయాను. రబ్బరు బెరడు మందంగా ఉంటుంది, కత్తి ఎక్కడ ఆగాలో చేతికి తెలుస్తుంది. ఇది ఉల్లిపొర. చేతికి తెలిసేలోగా కత్తి సగం చెక్క తినేసింది. మట్టి మెత్తి, కొబ్బరి పీచు చుట్టి, గోనెతో కట్టేశాను. నాలుగో రోజుకు ఆకు వేలాడింది. వారానికి ఎండింది. అడుగు నుంచి చిగురేస్తుందేమోనని అత్త నెలరోజులు నీళ్లు పోసింది. వేయలేదు. పీచు విప్పి ఆ గాటు చూసి మళ్లీ చుట్టేసింది.

తప్పు సర్దడానికి నాకో తెలివి పుట్టింది. చిత్తడిలోకి దిగి ఒక గెలాం మొక్క పీక్కొచ్చాను. దాని బెరడు కూడా తెలుపే, కాగితంలాగే లేస్తుంది. బిర్చి పీకేసి ఆ కుండీలో నాటాను. ఆకు వేరుగా ఉందని అత్త అంటే, ఈ ఎండకు దొరల రంగే మారుతుంటే ఆకు మారదా, అలాగే చెబుదాం అన్నాను. ఆమె తల పట్టుకుంది. వేరే దారి లేక ఊరుకుంది.

దొరసాని మూడేళ్లు ఆ గెలాంనే బిర్చి అనుకుని ముద్దు చేసిందని చెబుతుంటాను. జనం పగలబడి నవ్వుతారు. నిజానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చిన పొద్దునే వరండాలోకి వచ్చింది. తెల్లటి మాను చూసి ఒక్క క్షణం ముఖం విప్పారింది. ఆ తర్వాత ఆకు ఒకటి తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పక్కనే నిలబడ్డ అత్త వైపు తిరిగింది. నేను మెట్ల కింద కట్టెల మోపుతో ఉన్నాను.

"సియాపా?" అంది. ఎవరు చేశారని.

నా నోరు తెరుచుకుంది, నిజంగా తెరుచుకుంది. మోపు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"సాయా, మేమ్," అంది అత్త. నేనేనమ్మా అని.

దొరసాని ఇంకేమీ అడగలేదు. ఎందుకడుగుతుంది? ఆకులో ఉన్న వాసనే అత్త ఒంటి మీదా ఉంది. ఆ నలిగిన ఆకును కుండీ అంచున పెట్టి లోపలికి వెళ్లింది. మర్నాటి నుంచి తోటకు కంగాణి మరదలు వచ్చింది. అత్త పార తీసుకుంది.

ఆ సాయంత్రం ఎందుకలా అన్నావని అడిగాను.

"నీ కత్తి లాక్కుంటారురా. నాకా, ఇయ్యాల కాపోతే రేపైనా లాలాంగే."

వారం తిరక్కుండా బంగళాకు వెళ్లి దొరసాని కాళ్ల దగ్గర కూర్చుని నిజం చెప్పేశానని నా పెళ్లాంతో చెప్పాను, పిల్లలతో చెప్పాను. వెళ్లిన మాట నిజం. గేటు దాకా వెళ్లాను. కుక్క మొరిగింది. కుక్కను సాకుగా పెట్టుకుని తిరిగొచ్చాను. తర్వాత మూడుసార్లు వెళ్లాను, అప్పుడు కుక్క కూడా మొరగలేదు.

రబ్బరు ధర పడిపోయిన కాలంలో ఎస్టేటు మనుషుల్ని తగ్గించింది. కలుపు గ్యాంగులో ముసలివాళ్లనూ ఒంటరివాళ్లనూ ముందు తీసేశారు. పాలు తీసేవాళ్లలో సగం మందిని ఉంచారు, అందులో నేనున్నాను. బంగళా తోటలో వాళ్లను ఎవరినీ కదపలేదు. అత్తను పినాంగు నుంచి ఓడలో తిరిగి పంపుతామన్నారు. ఆమెకు అక్కడ ఎవరున్నారు? నాతో ఉండిపొమ్మన్నాను. పని లేని మనిషి లైన్లో ఉండకూడదని కంగాణి అన్నాడు. ఆ పూటైనా బంగళాకు వెళ్లి ఉండాల్సింది. అప్పుడు చెప్పినా వినేదేమో ఆ దొరసాని. తెలుసుకోవడానికి ఇక వీల్లేదు.

లారీ ఎక్కేటప్పుడు అత్త నా తల మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదు నాయనా అందని చెబుతుంటాను. ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు ఆ మాటకు. ఆమె చెయ్యి వేయలేదు. రెండు చేతులతో లారీ పలక పట్టుకుంటే తప్ప ఎక్కలేకపోయింది, ఆ మోకాళ్లతో. పైన కూర్చున్నాక నన్ను చూసి, మన గడప పక్కన కుండీ ఉంది గదా అంది. దొరసాని గెలాం పీకించి పారేయించిన కుండీ అది. అత్త మా ఇంటికి తెచ్చుకుంది.

"దాన్ల నీల్లు నిలుస్తన్నాయి. బోర్లించీరా, దోమలు సేరతాయి."

లారీ కదిలింది. తర్వాత ఒక్క కబురూ రాలేదు, నేనూ ఎవరిచేతా రాయించలేదు.

ఇంటికి వెళ్లి కుండీ బోర్లించాను. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.