పిన్ని ఇంటికి వచ్చిన కెమెరా

కుట్టుపని చేసుకునే ఆమెను వీధంతా పిన్ని అనే పిలిచేది. బడి వదలగానే ఇంటికి పోవడానికి భయపడే పిల్లలు పదిమందిదాకా ఆమె ముందుగదిలో చేరేవాళ్లు. కొందరికి ఇంట్లో తాగుబోతు తండ్రి. కొందరి తల్లులు పొద్దుపోయేదాకా పనిలోనే ఉండేవాళ్లు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. సందు చివర మత్తు పొట్లాలు అమ్మేవాళ్లు ఇలాంటి పిల్లల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు. వాళ్ల కంటపడకుండా పిన్ని వీళ్లకు ఇంత అన్నం పెట్టి, లెక్కలు చేయించి, మిషన్ పక్కనే కూర్చోబెట్టుకునేది. రెడీమేడ్ షాపులొచ్చి కుట్టు గిరాకీ పడిపోయింది. మొగుడి జీతం అద్దెకే సరి.

ఒకరోజు ఒక సేవాసంస్థవాళ్లు బియ్యం బస్తాలతో దిగారు. వెంట కెమెరా. వాళ్ల మేనేజరు పిల్లల్ని గోడవారగా నిలబెట్టాడు.

"ఒక్కొక్కరూ ఏం తప్పు చేశారో చెప్పండమ్మా. చూసినవాళ్ల గుండె కరగాలి."

మొదట నిలబడ్డ పిల్లకు పద్నాలుగేళ్లు. "పర్సు కొట్టేశాను" అని తల దించుకుంది.

"తలెత్తి చెప్పు తల్లీ, మళ్లీ ఒకసారి."

పిన్నికి ఒళ్లు మండిపోయింది. అరచేత్తో కెమెరా మూసేసింది.

"మీ పిల్లల్నిలాగే నిలబెట్టి అడుగుతారా సార్? నడవండి బయటికి!"

బస్తాలు వచ్చిన బండిలోనే తిరిగిపోయాయి.

"నీ పౌరుషం బాగానే ఉంది పిన్నీ" అని విరుచుకుపడింది ఆ పిల్ల. "రేపు మేం తినేదేంటి? వాళ్లడిగింది నేను చెప్తూనే ఉన్నాగా!"

"నోర్ముయ్!" అని అరిచింది పిన్ని. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. డబ్బాలో బియ్యం అడుగంటాయి. ఆ పూట అందరూ అరకడుపుతోనే లేచారు.

మర్నాడు బడికి సెలవు. పిన్ని ఆ పిల్లను వెంటబెట్టుకుని సంస్థ ఆఫీసుకు పోయి సోఫాలో బైఠాయించింది.

"బియ్యం పిల్లలకనే కదా తెచ్చారు? ఇవ్వండి."

"వీడియో లేకుండా దాతలకేం చూపించాలమ్మా?" అన్నాడు మేనేజరు.

"తిన్న కంచాలు చూపించండి. పిల్లల మొహాలు మాత్రం ఇవ్వను!"

ఆ గొంతుకు గదుల్లోవాళ్లంతా తొంగిచూశారు. పరువు పోతోందని మేనేజరు ఒక బస్తా ఇప్పించి, మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నాడు.

"తొక్కుతా. ఇవి అయిపోగానే వస్తా."

బస్తా చెరో కొసా పట్టుకుని మెట్లు దిగారు.

"ఆయనకి థాంక్స్ చెప్పలేదేం పిన్నీ?"

"నీకు సారీ చెప్పాడా వాడు?"

బస్సు రాగానే పిల్ల బస్తాను ముందు లోపలికి తోసింది. బస్తాకు టికెట్టు కొట్టబోయిన కండక్టరుతోనూ పిన్ని దెబ్బలాడింది. ఇల్లు చేరినా కోపం దిగలేదు. గిన్నెలు దడదడలాడిస్తూనే ఎసరు పెట్టింది.