బాగుందనకండి మాస్టారూ

మొన్న మా కోడలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, మనవరాలిని స్కూల్లో ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల క్లాసుకి ఎంపిక చేశారనీ, అది వేసిన బొమ్మను బంధువుల గ్రూపులో పెడితే పొద్దున్నుంచీ పొగడ్తలే పొగడ్తలనీ మురిసిపోతూ చూపించింది. నేనూ సంతోషించాలి కదా, కానీ ఆ పొగడ్తలు చదువుతుంటే నాకు భయమేసింది. ఇంత వయసొచ్చాక ఇదేం భయమని నవ్వుకోబోయాను గానీ నవ్వు రాలేదు. నా ఈడువాళ్లకైతే ఈ సంగతి చెప్పుకోవచ్చు, అర్థం చేసుకుంటారు.

మాది కడియం, నాన్నకి నర్సరీ ఉండేది. నాకొక మేనత్త ఉండేదట, నేను పుట్టకముందే చిన్నతనంలోనే పోయింది. ఆవిడ పద్యాలు ఎంత బాగా పాడేదంటే, పెద్దాపురం జాతరకి వెళ్లినప్పుడు జనం చుట్టూ మూగి, మళ్లీ మళ్లీ పాడించుకుని, బుగ్గలు పుణికి మరీ మెచ్చుకున్నారట. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే జ్వరం తగిలి పోయింది. జనం దిష్టే తన కూతుర్ని పొట్టన పెట్టుకుందని మా నాయనమ్మ చివరిదాకా నమ్మింది.

అందుకని మా ఇంట్లో పిల్లల్ని ఎవరూ మెచ్చుకోకూడదు. ఎవరైనా నోరుజారితే నాయనమ్మ నన్ను నిలబెట్టి ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో పడేసేది. ఘాటొచ్చి దగ్గితే పరవాలేదు, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. దగ్గు వస్తుందో రాదోనని పొయ్యి ముందు కాచుకుని నిలబడేదాన్ని. రాకపోతే నేనే గట్టిగా దగ్గేసేదాన్ని.

అలాంటిదాన్ని బళ్లో డ్రాయింగ్ మాస్టారి కంట పడ్డాను. ఆయన బోర్డు మీద గులాబీ వేసి చూసి వెయ్యమంటే క్లాసంతా పువ్వు వేసింది, నేనేమో వేళ్లూ, వేళ్లకంటుకున్న మట్టిముద్దా, దాని చుట్టూ కట్టిన గడ్డీతో సహా మొక్క మొత్తం వేశాను. అదేమంత గొప్ప ఊహ కాదు, మొక్కలు లారీకెక్కడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు గులాబీ అంటే అదే. మాస్టారు ఆ కాగితం పైకెత్తి, ఎంత బాగుందో చూడండర్రా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనింక చచ్చిపోతానని బెంచీ కింద దూరి భోరుమన్నాను. ఇంటికెళ్లేసరికి ఒళ్లు వెచ్చబడింది కూడా.

భయంతో వచ్చిన జ్వరమే అయ్యుంటుంది. నాయనమ్మ మాత్రం బడి మాన్పించి, రంగు పెన్సిళ్లు అటకెక్కించేసింది. పిల్ల ఎందుకు రావడంలేదో కనుక్కుందామని వచ్చిన మాస్టారికి చేతులు జోడించి, "కొట్టినా తిట్టినా మీ ఇష్టవండి. బాగుందని మాత్రం అనకండి మాస్టారూ, మీకు పున్నెముంటాది" అని ఏడ్చింది. ఇంకొకరైతే అదంతా మూఢనమ్మకమని నాలుగు చీవాట్లు పెట్టేవారు. ఆయన, "అననండి. ఆ రంగులు మాత్రం దాని చేతికివ్వండి" అన్నారు.

నాయనమ్మ రంగులు దింపిచ్చి నన్ను మళ్లీ బడికి పంపింది, ఆయనా మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత నేను చూపించిన ఏ బొమ్మనీ ఆయన బాగుందనలేదు. ఇందులో ఎండ ఎటునుంచి వస్తోందని అడిగేవారు, ఈ లారీ డ్రైవరు అన్నం తిన్నాడా అని అడిగేవారు, జవాబు కోసం నేను నర్సరీ అంతా తిరిగొచ్చి ఇంకో బొమ్మ వేసేదాన్ని. నా భయం పోయిందని చెప్పను. ఎవరేమంటారోనని కాగితాన్ని చేత్తో కప్పుకునే వేసేదాన్ని, కానీ వెయ్యడం మానలేదు.

కాకినాడ బదిలీ అయ్యిందని ఆయన చెప్పడానికొచ్చిన రోజు నాయనమ్మ మజ్జిగిచ్చి, గుమ్మందాకా సాగనంపింది. ఆయన చెప్పులేసుకుంటుంటే అటూ ఇటూ చూసి, బాగా గొంతు తగ్గించి, "బొమ్మలు నిజంగానే బాగా వేత్తాదా అండీ?" అని అడిగింది. తలుపు వెనక నుంచి నేను వింటున్నాను. మాటిచ్చిన మనిషి కదా, మాస్టారు నోరు విప్పలేదు, తల మాత్రం ఊపారు. నాయనమ్మ పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇప్పుడు పిల్లల్ని మెచ్చుకోవడానికి ఎవరికీ భయం లేదు, ఫోన్ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, అదీ మంచిదే. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ ఒక్క మాట అడగడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో అప్పట్లో నాకు తెలియలేదు. ఆ తర్వాత నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నాకేమైపోతుందోనని అంత భయపడుతూ మెచ్చుకున్నవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరు.